సూది లేవని కారు

మా వర్క్‌షాపు గేటు దాటగానే ఎడమచేతి వైపు ఒక చిన్న బల్ల ఉండేది. దాని మీద జాబ్ కార్డుల కట్ట, దారంతో మేకుకు కట్టిన పెన్ను, కాగితాలు లేచిపోకుండా వాటి మీద ఒక గుండ్రటి ఇంజన్ సామాను. నా నెత్తి మీద ఫ్యాను చలికాలంలో కూడా తిరుగుతూనే ఉండేది. దాని స్విచ్చూ వెల్డింగ్ గదిలోని లైటు స్విచ్చూ ఒకటే కావడం అందుకు కారణం. రిపేరుకు వచ్చిన ప్రతి కారూ ముందు నా బల్ల దగ్గర ఆగాలి. నడిపేవాళ్లు చెప్పింది విని, మెకానిక్‌కు పనికొచ్చేలా కార్డు మీద రాయడం నా పని. స్పేర్ పార్టుల కౌంటర్‌లో చేరి, ఆ బల్ల దగ్గరికి మారి, అక్కడి నుంచే రిటైరయ్యాను. అంతా కరీంనగర్‌లోనే.

ఇప్పుడు ఆ పనికి ట్యాబులొచ్చాయి. వేలితో నొక్కితే ఫిర్యాదు దానంతటదే పడుతుంది. సౌకర్యంగానే ఉంది, నేను కాదనను. అయితే ఆ జాబితాలో లేని మాట ఎవరైనా అంటే ఎక్కడ నొక్కాలో మొన్న ఒక అమ్మాయిని అడిగాను. "అదర్స్ అని ఉంటుంది మేడం, అందులో పడేస్తాం" అంది. ఆ అమ్మాయి కోసమూ, ఆమెలాంటి వాళ్ల కోసమూ ఈ కారు సంగతి రాస్తున్నాను.

నాకు ముందు నుంచీ ఒక పట్టుదల ఉండేది. "బండి బాగలేదు" అంటే రాసుకునేదాన్ని కాదు. ఎప్పుడు బాగలేదు, ఎక్కడ, ఎత్తు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఏసీ నడుస్తున్నప్పుడా ఆపాకా అని అడిగేదాన్ని. మంథని నుంచి వచ్చే ఒక వడ్ల వ్యాపారి ఒకరోజు విసుక్కున్నాడు.

"పోలీస్ ఠాణల గూడ గిన్ని సవాళ్లు అడగరక్కా."

"ఆళ్లకు దొంగ దొరికితె సాలు. మాకు దొంగతనం ఎట్లయిందో గూడ తెల్వాలె" అన్నాను. అప్పటి నుంచి మెకానిక్‌లు నన్ను చాటుగా ఠాణా అక్క అనేవాళ్లు. చాటుగా అనుకున్నది వాళ్లే, నాకు తెలుసు.

మా పెద్ద మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. నాకన్నా పెద్దవాడు, నన్ను చెల్లె అని పిలిచేవాడు. బానెట్ ఎత్తి ఉన్నంతసేపూ మాట్లాడడు. మూసిన తర్వాత ఆపడు. ఆయన చేయిపడ్డ బండి మళ్లీ అదే జబ్బుతో తిరిగి రావడం నేను చూడలేదు. ఈ కారు తప్ప.

కారు ఒక డాక్టరమ్మది. ఆమె అంతకుముందు కరీంనగర్‌లోనే పనిచేసేది, మా దగ్గర పాత కస్టమర్. ఆ వానాకాలంలో ఆదిలాబాద్‌లో ఒక ఆసుపత్రికి మారింది. డ్రైవర్ కూడా వెంట వెళ్లాడు. సిరిసిల్ల వైపు నేత కుటుంబం ఆయనది. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఆ సాంచెల చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి యంత్రం గొంతు మారితే ఆయన చెవికి ముందే తెలిసేది. భార్యాపిల్లలను ఊళ్లోనే ఉంచి, డాక్టరమ్మ ఇంటి వెనక గదిలో ఉండేవాడు.

పుష్యమాసం రాకముందు ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఒక్కడే కారు తీసుకుని వచ్చాడు.

"అక్కా, కాలు తీసినా బండి ఉరుకుతుంది."

"యాక్సిలేటర్ మీదికెళ్లా?"

"ఆఁ. కాలు తీసి కింద పెట్టినా గుయ్యిమంటనే ఉంటది. మా ఊర్ల పోగు తెగినంక గూడ సాంచ ఉత్తగ తిరుగుతది సూడు, గట్ల."

"ఎప్పుడు?"

"ఎప్పుడంటె అప్పుడే. దవాఖాన ముంగట ఆపితె గుయ్యి. ఇంటి ముంగట ఆపితె గుయ్యి. క్లచ్ జర వదిలిన్నో లేదో ముందటికి దుంకుతది."

"మరి ఇప్పుడు?"

ఇంజన్ ఇంకా ఆపలేదు. ఇద్దరం చెవి పెట్టి విన్నాం. మెత్తగా, పద్ధతిగా తిరుగుతోంది.

"సూడక్కా, దొంగ లెక్క ఎట్ల ఊకున్నదో!"

చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఇంకేమైనా ఉందా అని అడిగాను. ఈ ప్రశ్న నేను ఎవరినీ అడగకుండా వదలను.

"ఇంకేం లేదక్కా. బండి వజ్రం. ఎండకాలం వేములవాడ తొవ్వల వేడెక్కి ఆగింది గదా, ఉస్తాద్ చెయ్యి వెట్టిన సంది సూది లేవనే లేదు. ఎంత దూరం కొట్టినా ఇంజన్ సల్లగ రంజన్ల నీళ్ల లెక్కుంటది."

నేను నవ్వి పెన్ను పక్కన పెట్టాను. మెచ్చుకోలు రాసుకునే గడి కార్డులో లేదు.

కాలు తీసినప్పుడు కారు ఇంజన్ ఆగిపోకుండా, ఉరకకుండా తనంతట తాను నెమ్మదిగా తిరగాలి. ఆ కారుకు నిమిషానికి ఎనిమిది వందల చుట్లు సరైన లెక్క. డ్రైవర్ చెప్పిన దాన్ని బట్టి అది పదిహేను వందల దగ్గర తిరుగుతోంది. దానికి మామూలుగా ఉండే కారణాలన్నీ ఉస్తాద్ వరసగా చూశాడు. యాక్సిలేటర్ కేబుల్ బిగుసుకుందా? లేదు. గాలి లోపలికి వెళ్లే దారిలో మసి పేరుకుందా? కొంచెం ఉంది, కడిగాడు. రబ్బరు గొట్టాలు ఎక్కడైనా పగిలి దొంగగాలి పీలుస్తున్నాయా? లేదు. కంప్యూటర్ తగిలిస్తే తప్పేమీ చూపలేదు. చుట్లు చూపే ముల్లు ఎనిమిది వందల దగ్గర కదలకుండా నిలబడింది. మసి కడిగాం కాబట్టి అదే కారణమై ఉంటుందని అందరం అనుకుని పంపించేశాం.

రెండు వారాలు కాకముందే కారు మళ్లీ గేటు ముందుకు వచ్చింది. కారు కన్నా ముందు డాక్టరమ్మ ఫోన్ వచ్చింది.

"నిన్న దవాఖాన పోర్చిలో బండి ముందుకు దూకిందమ్మా. మెట్ల మీద ఒక ముసలవ్వ కూచుని ఉంది. బానెట్ ఆమె మోకాళ్ల దాకా వచ్చి ఆగింది. నేను కళ్లారా చూసిన. పెట్రోల్ కూడా ఎప్పుడూ లేనంత తాగుతుంది. ఆయన్నడిగితే బండి తప్పంటడు. మిమ్మల్నడిగితే బండి బాగుందంటరు. నేను ఎవరిని నమ్మాలె?"

నేను కట్టలో ఆ కారు కార్డు వెతుకుతుండగానే ఆమె అంది. "ఈసారి కూడా బండిలో ఏ లోపం లేదని మీరు రాసిస్తే, ఒకటో తారీఖు నుంచి వేరే డ్రైవర్‌ను చూసుకుంటా. మనిషి మంచోడే. కానీ దవాఖాన ముందర మంచితనం బ్రేకు వెయ్యదు గదా."

ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. కోపంలో అన్న మాటైతే మర్నాటికి చల్లారేది.

డ్రైవర్‌కు ఈ ఫోన్ సంగతి చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది.

"మొన్నటి సంది మాపటీలి బండి వెట్టంగనే తాళంచెవి ఆమెనే తీస్కుంటుందక్కా" అన్నాడు బల్ల ముందు నిలబడి. "ఇన్నేండ్ల సంది నా జేబులనే ఉండె. నేను పెట్రోలు అమ్ముకుంటున్న అనుకుంటుందో ఏందో. నోరు తెరిచి అడుగదు. అడిగితె జవాబిద్దును."

ఉస్తాద్ ఆ పూటంతా కారు మీదే ఉన్నాడు. మంచి ఎండ. కారు ఎండలోనే నిలబడి ఉంది. ఎన్నిసార్లు చూసినా ఎనిమిది వందలే. చివరికి బానెట్ దించి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రాయి చెల్లె. బండిల ఏం లేదు."

పెన్ను తీశాను కానీ రాయలేకపోయాను. ఆ ఒక్క ముక్క రాస్తే ఒక మనిషి పని పోతుంది.

"ఆయనకు వినబడ్డదంటుండు ఉస్తాద్."

"ఆయన కాలు బరువేమో."

డ్రైవర్ అక్కడే ఉన్నాడని ఉస్తాద్ చూసుకోలేదు. చూసేసరికి మాట బయటికి వచ్చేసింది.

"నా కాలు బరువైతె ఇన్నేండ్లు నీ కండ్ల ముందర ఎట్ల నడిపిన ఉస్తాద్?" అన్నాడు డ్రైవర్ మెల్లగా. ఉస్తాద్ తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

కరీంనగర్‌లో ఆరోగ్యంగా ఉండి ఆదిలాబాద్‌లో మంచాన పడే కారును ఆదిలాబాద్‌లోనే చూడాలి కదా. ఈ మాటే మా యజమానితో అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు.

"కార్డు రాసేటామె బండెక్కి ఆదిలాబాద్ పోతె గేటు కాడ ఎవరుంటరు?"

"ఉస్తాద్ ఉంటడు."

"ఆయన రాసింది ఆయనకే అర్థం గాదు!"

"ఒక్క రోజే గదా. ఎవరికీ అర్థం గాకున్నా నడుస్తది" అని, ఇంటికి ఫోన్ చేసి చెప్పి, డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నాను.

లక్సెట్టిపేటలో చాయ్‌కి ఆగినప్పుడు ఇంకా ఎండ పొడుగ్గా రోడ్డు మీద ఉంది. ఇంజన్ గొంతు కొద్దిగా మారినట్టు అనిపించింది కానీ, నేను వినాలనుకుంటున్నాను కాబట్టి వినిపిస్తోందేమోనని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. జన్నారం దాటి అడవిలోకి వెళ్లేసరికి పొద్దు వాలింది. కిటికీ అద్దం ముట్టుకుంటే చల్లగా తగిలింది. అడవి చెక్‌పోస్టు దగ్గర గేటు వేసి ఉంటే బండి ఆపాడు.

గుయ్యిమంది.

"ఇన్నవా అక్కా! ఇన్నవా!"

ఇంజన్ గొంతు చించుకుంటుంటే అంత సంతోషపడ్డ డ్రైవర్‌ను నేను మరెక్కడా చూడలేదు. వంగి ఆయన కాళ్ల వైపు చూశాను. రెండు కాళ్లూ కింద మ్యాటు మీద, పెడళ్లకు దూరంగా, చెప్పుల్లో బుద్ధిగా ఉన్నాయి. ఆయన తప్పు లేదని అప్పుడే నాకు రుజువైంది. కానీ "నేను చూశాను" అన్న మాట డాక్టరమ్మకు సరిపోదు. జబ్బేమిటో చెప్పాలి, చెప్పి నయం చేయాలి. అది మాత్రం నాకు తెలియదు.

ఆ రాత్రి డాక్టరమ్మ ఇంట్లోనే ఉన్నాను. మర్నాడు తెల్లవారేసరికి ఆదిలాబాద్ చలి ఎలా ఉంటుందో తెలిసింది. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. కారు అద్దాల మీద మంచు పేరుకుంది. డాక్టరమ్మ శాలువా కప్పుకుని వెనక కూర్చుంది, నేను ముందు. బండి తీయగానే గుయ్యిమంది. అందులో వింతేమీ లేదు. చలిలో ఏ కారైనా మొదట కొద్దిసేపు గట్టిగానే తిరుగుతుంది. ఒళ్లు వెచ్చబడ్డాక దిగాలి. ఆసుపత్రి దగ్గరే కాబట్టి ఆ దూరం చాలకపోయి ఉంటుందని, ఊరి చివరి దాకా తిప్పుకుని రమ్మన్నాను. తిరిగి వచ్చి పోర్చిలో ఆపితే ముల్లు పదిహేను వందల మీదే ఉంది. వేగం దిగలేదు.

డాక్టరమ్మ దిగలేదు. డ్రైవర్ కాళ్లు ఆమెకు కనిపిస్తున్నాయో లేదో తెలియదు. నా వైపు చూసి అడిగింది.

"మా దగ్గరికి జ్వరమని ఎవరన్నా వస్తే, మేం మొదలు అడిగేది ఎప్పుడు వస్తుందనే. పొద్దున్నా, మాపా? దీనికి ఎప్పుడు వస్తుంది?"

"చలిలో వస్తుంది మేడం. మా దగ్గర ఎండలో నిలబెడితే పోతుంది."

"అంటే ఒళ్లు చల్లగా ఉన్నప్పుడే వస్తుంది."

ఒళ్లు చల్లగా. నేను ఇంజన్ వేడి చూపే సూది వైపు చూశాను. అది అట్టడుగున, పడుకున్న చోటే ఉంది. ఊరంతా తిరిగి వచ్చిన బండి అది.

"సూది ఎప్పుడూ ఇక్కడనే ఉంటదా?" అని అడిగాను.

"ఎప్పుడూ గక్కడనే అక్కా" అన్నాడు డ్రైవర్ గర్వంగా. "సెప్పిన గదా, ఉస్తాద్ చెయ్యి వెట్టిన సంది లేవనే లేదని."

చెప్పాడు. నా బల్ల ముందు నిలబడి, నేను అడిగితేనే చెప్పాడు. మెచ్చుకోలు అనుకుని నేను పెన్ను పక్కన పెట్టాను.

మీకు ఒకటి తెలియాలి. మా వైపు ఎండాకాలం అంటే డ్రైవర్లకు ఆ సూదే ప్రాణం. రోడ్డు మీద బండి ఉడికిపోయి, బానెట్ ఎత్తి, నీళ్ల కోసం బిందె పట్టుకుని తిరగని డ్రైవర్ ఉండడు. అందుకని మాలో ఎవరికైనా చల్లటి ఇంజన్ అంటే మంచి ఇంజన్. సూది కింద ఉంటే దేవుడు చల్లగా చూసినట్టు. అది మరీ చల్లగా ఉండటం కూడా ఒక జబ్బేనని ఈ ఎండలో ఎవరికి తోస్తుంది?

ఇంజన్‌లో ఒక చిన్న తలుపు ఉంటుంది. ఇంజన్ వేడెక్కే దాకా అది మూసుకుని, నీళ్లను రేడియేటర్ వైపు పోనివ్వదు. వేడెక్కాక తెరుచుకుంటుంది. దాన్ని థర్మోస్టాట్ అంటారు. మా దగ్గర బండి ఒకసారి ఉడికితే చాలు, మెకానిక్ ఆ తలుపును పీకేస్తాడు. నీళ్లు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి, ఇంజన్ ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఎండాకాలంలో అది ఉపకారమే. యజమాని అడక్కుండానే చేసే ఉపకారం. కానీ ఆదిలాబాద్ చలిలో ఆ తలుపు లేని ఇంజన్ రోజంతా నడిచినా వెచ్చబడదు. కారులోని కంప్యూటర్ మాత్రం, పాపం, ఇంజన్ ఇంకా నిద్ర లేవలేదనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తూ, గట్టిగా తిప్పుతూనే ఉంటుంది. సెన్సర్ నిజం చెప్పింది. కంప్యూటర్ చేయాల్సిందే చేసింది. డ్రైవర్ నిజం చెప్పాడు. తన చేతుల్లో ఉన్నంతసేపూ బాగుందని ఉస్తాద్ కూడా నిజమే చెప్పాడు. మేం వెతికింది అబద్ధం చెప్పేవాళ్ల కోసం. అలాంటివాళ్లు ఈ సంగతిలో లేరు.

అయితే ఇది నా ఊహ. ఊహను నేను కార్డు మీద రాయను. సెలైన్ సీసాలు వచ్చే పెద్ద అట్టపెట్టె ఒకటి ఇప్పించమని డాక్టరమ్మను అడిగాను. దాన్ని చింపి, బానెట్ ఎత్తి, రేడియేటర్‌కు చలిగాలి తగలకుండా ముందు నిలబెట్టాను. ఆసుపత్రి వాచ్‌మన్ మఫ్లర్ సర్దుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా, కారుకు స్వెటర్ తొడుగుతుండ్రా?"

"దానికీ సలి వెడుతుంది గదన్నా" అన్నాను.

ఇంజన్ ఆపకుండా ఎదురుచూశాం. చాలాసేపు ఏమీ కాలేదు. డాక్టరమ్మను లోపలికి పిలిచారు, వెళ్లి మళ్లీ వచ్చింది. అప్పుడు సూది కదిలింది. డ్రైవర్ సీట్లోంచి సగం లేచాడు.

"అక్కా, సూది లేస్తుంది! అట్ట తియ్, అట్ట తియ్!"

"లేవనీ."

"వేడెక్కుతుందక్కా!"

"ఎక్కాలె. నువ్వు కాళ్లు కిందనే వెట్టు."

సూది సగానికి వస్తుంటే గొంతు తగ్గడం మొదలైంది. పన్నెండు వందలు, వెయ్యి, తొమ్మిది వందలు. ఎనిమిది వందల దగ్గర నిలబడింది. పోర్చి అంత నిశ్శబ్దమైపోయిందంటే, లోపల ఎవరో చీటీ నంబరు పిలవడం వినిపించింది. డాక్టరమ్మ డ్రైవర్ పక్కన తెరిచి ఉన్న తలుపు దగ్గరికి వచ్చి, వంగి, ఆయన కాళ్లను చూసింది. రెండూ మ్యాటు మీద ఉన్నాయి. 

నేను కొంచెం పక్కకు వెళ్లి ఉస్తాద్‌కు ఫోన్ చేశాను.

"ఉస్తాద్, డాక్టరమ్మ బండికి థర్మోస్టాట్ ఉన్నదా?"

"లేదు. ఎండకాలం బండి ఉడికింది గదా, రేడియేటర్ కడిగి, దాన్ని తీసేసిన."

"ఇప్పుడది ఏడున్నది?"

అవతల కార్డులు జరిపిన చప్పుడైంది. ఫ్యాను తిరగడం కూడా వినిపిస్తోంది. అంటే నా బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"నీ టేబుల్ మీదనే ఉంది చెల్లె. కాగితాల మీద."

ఎండాకాలంలో ఆయనే తెచ్చి, "ఇగో, బరువుకు పనికొస్తది" అని నా కార్డుల మీద పెట్టాడు. స్పేర్ పార్టుల కౌంటర్‌లో అంతకాలం పనిచేసిన దాన్ని, అదేమిటో నాకు తెలియక కాదు. అన్ని నెలలూ దాన్ని ఎత్తి కార్డు తీశాను, రాసి మళ్లీ కింద పెట్టాను. ఈ కారు కార్డు కూడా దాని కిందే ఉంది. ముందు ఇద్దరమూ నవ్వలేదు. ఆ తర్వాత ఆయన మొదలుపెట్టాడు, నేనూ ఆపుకోలేకపోయాను.

నవ్వు తగ్గాక అన్నాడు. "నేనొస్తున్న ఆగు."

"ఎందుకు పరేషాన్? కొత్తది బస్సు పార్సల్‌ల వెయ్యి. ఇక్కడ ఎవరైనా ఎక్కిస్తరు."

"సామాను పార్సల్‌ల వస్తది చెల్లె. మాట రాదు గదా."

ఉస్తాద్ మధ్యాహ్నం దాటాక బస్సు దిగాడు. భుజాన పనిముట్ల సంచి, తలకు ఉలెన్ రుమాలు. నా వైపు రాకుండా నేరుగా డాక్టరమ్మ గది ముందుకు వెళ్లి, పేషెంట్ల వరసలో నిలబడ్డాడు. నేను వెళ్లి చెబుతానంటే వద్దన్నాడు. వంతు వచ్చాక, డ్రైవర్‌ను కూడా లోపలికి రమ్మని పిలిచి, నిలబడే చెప్పాడు.

"ఎండకు భయపడి తీసిన మేడం. సలికాలం యాదికి రాలె. మీరు ఇటు వస్తరని గూడ తెల్వకపాయె. మొన్న ఈయన కాలు బరువన్న. బరువు ఈయన కాలుది గాదు, నా చేతిది."

డాక్టరమ్మ ఇద్దరినీ చూసింది. "కూచోండి పెద్దాయనా. బీపీ చూస్తా, ఇంత దూరం వచ్చిండ్రు" అంది. ఉస్తాద్‌కు బీపీ చూపించుకోవడం కన్నా ఇంజన్ దింపడం సులువు. అయినా చెయ్యి చాపాడు.

తర్వాత ఆసుపత్రి గేటు దగ్గరి చాయ్ బండికి వెళ్లాం. ఉస్తాద్ సంచిలోంచి రెండు థర్మోస్టాట్‌లు తీశాడు. ఒకటి పెట్టెలో మెరుస్తున్న కొత్తది. రెండోది నా బల్ల మీదిది. బిగించే ముందు పరీక్షించడం పద్ధతి. మరుగుతున్న నీళ్లలో వేస్తే తెరుచుకోవాలి, చల్లారితే మూసుకోవాలి.

"కాయ్ ఝాలా కాకా?" ఏమైందని మరాఠీలో అడిగాడు చాయ్‌వాలా కంగారుగా. "నా గిన్నెల ఇనుము ఉడకవెడతవా ఏంది?"

"చాయ్‌ల గాదు బాబా, ఉత్త నీళ్లల్ల. గిన్నె నేనే తోమిస్త" అని ఉస్తాద్ బతిమాలి, ఒక పాత గిన్నెలో నీళ్లు పోయించాడు. నలుగురు పేషెంట్ల బంధువులు, వాచ్‌మన్, డ్రైవర్, నేను, అందరం గిన్నె మీదికి వంగి చూశాం. నీళ్లలో బుడగలు రాగానే కొత్తది మెల్లగా నోరు తెరిచింది. దాని వెంటే పాతదీ తెరిచింది. ఏమీ తేడా లేకుండా.

ఉస్తాద్ పాతదాన్ని స్పూనుతో బయటికి తీసి, చల్లారేదాకా అరచేతిలో గుడ్డ మీద పెట్టుకుని చూశాడు. మూసుకుంది.

"పాపం, మంచిగ పనిజేసేదాన్ని తీసి కాగితాల మీద కూసోవెట్టిన" అన్నాడు.

నమ్మకం కోసం కొత్తదే బిగించాడు. ఎండాకాలంలో బండి ఉడకడానికి అసలు కారణం రేడియేటర్‌లో పేరుకున్న మడ్డి. అది అప్పుడే కడిగేశాడు కాబట్టి ఈ తలుపు తీయాల్సిన పనే లేకపోయింది. అయినా తీశాడు, అందరూ తీస్తారు కనుక. పాతదాన్ని నేను సంచిలో వేసుకోబోతే డ్రైవర్ అడ్డుపడ్డాడు.

"గది నాకియ్యక్కా. నా తరఫున సాక్ష్యం చెప్పింది గదా." దాన్ని తుడిచి, కారు ముందు అద్దం దగ్గర వేములవాడ రాజన్న దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు.

ఆ రాత్రి కూడా ఆగి, మర్నాడు తెల్లవారి చలిలో బండి తీయించాను. గుయ్యిమంది. అలా అనాలి కూడా. ఆసుపత్రి చేరేలోపే దిగి, మెత్తగా తిరిగింది. పోర్చిలో మెట్ల ముందు ఆగితే కదల్లేదు. అప్పుడు నా కార్డు మీద రాశాను, జబ్బేమిటో, ఏం చేశామో, ఎవరు తీశారో, ఎవరు పెట్టారో.

అంతకు ముందు సాయంత్రం సంగతి ఒకటి చెప్పకుండా వదల్లేను. చీకటి పడుతుండగా డ్రైవర్ అలవాటు ప్రకారం తాళంచెవి ఇవ్వడానికి గుమ్మం దగ్గరికి వచ్చాడు. డాక్టరమ్మ నాకు రొట్టెలు వడ్డిస్తోంది. తల తిప్పకుండానే అంది.

"నీ దగ్గరనే పెట్టుకో. పొద్దుగాల తాళంచెవి కోసం నన్ను లేపుడెందుకు?"

 ఆయన తాళంచెవి జేబులో వేసుకుని, జేబును పైనుంచి ఒకసారి తట్టి చూసుకుని వెళ్లిపోయాడు. డాక్టరమ్మ నాకు ఇంకో రొట్టె వేసింది. వద్దన్నా వేసింది.

బస్సులో తిరిగి వస్తుంటే ఉస్తాద్ మాట్లాడలేదు. బానెట్ ఎత్తి ఉన్నప్పటిలాగే కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. జన్నారం దగ్గర నోరు తెరిచాడు.

"ఎవరెవరి బండ్లల్ల తీసిన్నో యాదికి తెచ్చుకుంటున్న చెల్లె."

ఆ చలికాలం అంతా ఆయన వాళ్లను ఒక్కొక్కరినే పిలిపించి, తిరిగి బిగించాడు. చాలామంది వద్దన్నారు. చల్లటి ఇంజన్‌ను ఎందుకు చెడగొడతారని ఒకాయన నాతో గొడవ కూడా పడ్డాడు. డాక్టరమ్మ డ్రైవర్ సైతం వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు.

"అక్కా, బండి మంచిగుంది, గుయ్యిమంటలేదు. గని సూది సగం దాక లేసి గక్కడనే నిలవడుతుంది. సూస్తె గుబులైతుంది. ఏం జెయ్యాలె?"

"సూడకు" అన్నాను.

మా జాబ్ కార్డు అట్టడుగున నేను ఒక గడి గీసుకున్నాను. నడిపేవాళ్లు మెచ్చుకున్నది ఏమిటి? ముద్రించిన కార్డు మీద పెన్నుతో, ప్రతిదాని మీదా. మెకానిక్‌లు నవ్వారు. "ఠాణా అక్క ఇగ పొగడ్తలు గూడ రాసుకుంటుంది" అన్నారు, ఈసారి ఎదురుగానే. ట్యాబు నొక్కే ఆ అమ్మాయికి చెప్పాలనుకున్నది ఇదే. అదర్స్‌లో పడేసేముందు ఒకసారి చదువు తల్లీ. బ్రేకు వెన్నలా ఉందని ఎవరైనా మురిసిపోతే బ్రేకు చూడు. హారన్ వేయాల్సిన పనే పడటం లేదంటే హారన్ చూడు.

నా కాగితాలు మాత్రం ఫ్యాను గాలికి కొన్నాళ్లు ఎగిరాయి. మంథని వెళ్లినప్పుడు గోదావరి ఒడ్డున ఒక నున్నటి నల్లరాయి ఏరుకొచ్చి కార్డుల మీద పెట్టుకున్నాను.

ఎండలు ముదిరాక డాక్టరమ్మ కారు సర్వీసుకు వచ్చింది. డ్రైవర్ దిగుతూనే, ఉస్తాద్‌కు వినబడేలా నాతో అన్నాడు.

"అక్కా, ఎండలు దంచుతున్నై. గా తలుపు తీసెయ్యమని సెప్పరాదు ఉస్తాద్‌కు?"

వర్క్‌షాపంతా నవ్వింది. ఉస్తాద్ మాత్రం బానెట్ కిందనుంచి తల బయటికి పెట్టి, నల్లరాయి వైపు వేలు చూపించాడు.

"అక్క టేబుల్ మీద జాగ లేదురా."